ఏడో నంబరు కొట్టుకు ప్రచారం

సోమవరపుపేట మునిసిపల్ కాంప్లెక్సులో ఏడో నంబరు కొట్టు అచ్చియ్యమ్మది. వెదురు బొంగులు, కోరా గుడ్డ, కుండలు, పురికొస, పేలాలు, బుక్కా, గులాలు, దర్భలు, అగరొత్తులు. కాలువ వంతెన దాటి శ్మశానానికి వెళ్ళే దారిలో ఉంది కనక, మనిషి ఆఖరి ప్రయాణానికి కావలసినవన్నీ ఆ కొట్టులోనే దొరికేవి. కొట్టు పెట్టింది ఆవిడ భర్త. ఆయన తన సామాను కూడా తన కొట్టులోంచే తీసుకుని వెళ్ళిపోయి ఇరవై రెండేళ్ళయింది.

ఆ వ్యాపారానికి కొన్ని పద్ధతులున్నాయి. అమ్మేవాళ్ళు ఎవరినీ "రండి" అనరు. కొన్నవాళ్ళు "వెళ్ళొస్తాం" అనరు. సామాను భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా పోతారు. పొద్దున్నే కొట్టు తీసి దీపం పెట్టి, అందరు వర్తకులూ నాలుగు బేరాలు తగలాలని మొక్కుకుంటే, అచ్చియ్యమ్మ మాత్రం "తల్లీ, ఇవాళ ఎవరినీ నా గడప తొక్కనివ్వకు" అని మొక్కుకునేది. నలభై నాలుగేళ్ళుగా మొక్కుతోంది. అమ్మవారికి వేరే పనులుండడం వల్ల రెండు మూడు రోజులకొకరు వస్తూనే ఉన్నారు.

వచ్చిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పోయినవాళ్ళ వయసెంతో అడిగి, అప్పుడు బొంగులు తీసేది. వయసును బట్టి కట్టుడు మారుతుంది. కడుతున్నంతసేపూ ఏడ్చేది. పోయినవాళ్ళు తనకు తెలిసినా ఏడ్చేది, తెలియకపోయినా ఏడ్చేది. ఎనిమిదో నంబరులో బ్యాండు మేళం నడిపే మస్తాను అది చూసి ఉడికించేవాడు.

"పిన్నీ, నువ్వు ఏడవకపోతే పాడె నిలవదా?"

"ముడి తడిస్తే బిగుస్తుందిరా," అనేది అచ్చియ్యమ్మ.

ఇలా ఉండగా ప్రభుత్వానికి చిరు వ్యాపారుల మీద ప్రేమ పుట్టింది. ప్రభుత్వానికి కోపం వస్తే నోటీసు వస్తుంది. ప్రేమ పుడితే మిషన్ వస్తుంది. మే నెల మొదటి తారీఖున "చిరు వ్యాపార ప్రచార వికాస మిషన్" పుట్టింది. దానికొక జీపు, ఒక కంప్యూటరు, ఇందుశేఖరంగారనే ప్రచార వికాస అధికారి వచ్చారు. ఆయన మొదటి వారంలోనే కొట్లన్నిటికీ ఒక తాఖీదు పంచారు.

"మునిసిపల్ సముదాయమందలి ప్రతి వర్తకుడును తన వ్యాపారమునకు తగు ప్రచారము కావించుకొని, రాబోవు జనవరి మొదలు మార్చి ఆఖరు వరకు గల త్రైమాసికమున, గత సంవత్సరముతో పోల్చగా వినియోగదారుల సంఖ్యలో ఇరువది శాతము వృద్ధిని, అందు పది శాతమునకు తగ్గని పునరాగమనమును సాధించవలెను. సాధించని కొట్లు వేలమునకు పెట్టబడును."

అచ్చియ్యమ్మ కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదువుకుంది. పునరాగమనం అనే మాట ఆవిడకు తెలుసు. వినాయకుణ్ణి నీళ్ళలో కలిపే ముందు పంతులుగారు అంటారు, మళ్ళీ రావయ్యా అని. వినాయకుడు వస్తాడు. తన కొట్టు సరుకు మీద వెళ్ళినవాళ్ళెవరూ ఇంతవరకూ రాలేదు. ఆ రాత్రి ఆవిడకు అన్నం సయించలేదు. కొట్టు పోతే తనెలా బతుకుతుందన్న భయం ఒక పక్క. పొద్దున్నే కళ్ళు ఉబ్బి, ఏం కొనాలో తెలియక పరుగెత్తుకొచ్చే వాళ్ళకి ఎక్కడ ఏముందో ఎవరు చెప్తారన్న దిగులు ఇంకో పక్క.

మర్నాడు అధికారిగారు జీపు దిగారు. నున్నగా దువ్విన జుట్టు, జేబులో మూడు రంగుల పెన్నులు.

"మీ కొట్టు ముందు ఆహ్వాన వాక్యం కనిపించడం లేదు," అన్నారు.

"మా కొట్టుకి రమ్మని పిలవకూడదండి బాబూ."

"ఎవరి ఉత్తర్వు అది?"

"ఉత్తర్వు లేదండి. మీరైతే, పిలిస్తే వస్తారా?"

"దీన్నే మేం వ్యాపార సంకోచం అంటాం," అన్నారు ఇందుశేఖరంగారు దయగా. "దీనికి చికిత్స ఉంది. ఫలకం ద్వారా."

వారం తిరక్కుండా ఏడో నంబరు కొట్టుకు బోర్డు వచ్చింది. పైన "సుస్వాగతం", కింద "దయచేసి మళ్ళీ రండి", చుట్టూ ఆరిపోతూ వెలుగుతూ ఎర్ర పచ్చ బల్బులు. ఆ బోర్డు మొదట చదివినాయన మామగారి కోసం వచ్చాడు. గుమ్మంలో నిలబడి కిందిదాకా చదివి, సామాను కొనకుండానే ఇంటికి పరుగెత్తి, మిగతా అందరూ బాగానే ఉన్నారో లేదో చూసుకుని, అప్పుడు తిరిగి వచ్చాడు. అటుగా వెళ్ళే ఊరేగింపులు కూడా ఆ కొట్టు దగ్గరికి వచ్చేసరికి వేగం పెంచేవి.

"పిన్నీ, మా క్లారినెట్టు విని ఎవడూ పారిపోలేదు," అన్నాడు మస్తాను. "నీ బోర్డు చూసి పాడె మోసేవాళ్ళు పరుగందుకుంటున్నారు. వాళ్ళతో సమంగా వాయించలేక మా డోలు కుర్రాళ్ళు చచ్చిపోతున్నారు."

"ఆ మాట నా కొట్టు ముందు అనకురా," అంది అచ్చియ్యమ్మ. తన తడి చీర తెచ్చి బోర్డు మీద ఆరేసింది. తనిఖీలో అధికారిగారు "ప్రచార ఫలకమునకు వస్త్ర అవరోధము" అని రాసుకుని వెళ్ళారు.

తరవాత మేధోమథన సదస్సు జరిగింది. మునిసిపల్ మీటింగు హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. హైదరాబాదు నుంచి ఒక శిక్షకుడు వచ్చి, అందరికీ రంగు కాగితాలు పంచి, బుర్రలో ఏది తోస్తే అది రాసి గోడకు అంటించమన్నాడు.

"ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇక్కడ చెడ్డ ఆలోచన అంటూ ఏదీ లేదు," అన్నాడు.

ముందు మూడో నంబరు, సైకిలు షాపు బుల్లబ్బాయి వంతు వచ్చింది. పంక్చర్లు ఇరవై శాతం పెరగాలంటే రోడ్ల విభాగంతో సమన్వయం చేసుకోవాలని తీర్మానించారు.

"సమన్వయం ఎప్పట్నించో ఉందండి," అన్నాడు బుల్లబ్బాయి. "మేం అడక్కుండానే చేస్తున్నారు వాళ్ళు."

ఏడో నంబరుకు వచ్చేసరికి గోడంతా కాగితాలతో నిండిపోయింది. ఆషాఢం తగ్గింపు ధరలు. ముందుగా కట్టించుకున్నవారికి కుండ ఉచితం. ప్రతి కొనుగోలుకూ కార్డు మీద ఒక ముద్ర, అయిదు ముద్రలు పడితే ఆరోది ఊరికే. ఈ చివరిదానికి చప్పట్లు కొట్టారు. ఒక పెద్దమనిషి లేచి, కార్డు మనిషి పేరు మీద ఇస్తారా, ఇంటిపేరు మీద ఇస్తారా అని అడిగాడు. వాళ్ళది ఉమ్మడి కుటుంబం.

"అమ్మగారూ, మీ అభిప్రాయం?" అన్నాడు శిక్షకుడు.

అచ్చియ్యమ్మ లేచి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. "చెడ్డ ఆలోచన లేదన్నారు గదండీ. మరి ఇవన్నీ ఏవిటండి?"

శిక్షకుడు ఆ మాటను కూడా ఆకుపచ్చ కాగితం మీద రాసి గోడకు అంటించాడు.

ఆ గోడ మీది ఆలోచనల్లో ఒకటి వెంటనే అమలైంది. డెబ్బై దాటిన పింఛనుదారుల జాబితా తీసి, ఎవరి పుట్టినరోజుకు వాళ్ళకి ఏడో నంబరు కొట్టు తరఫున అచ్చు కార్డు పంపడం మొదలుపెట్టారు. "మీకు జన్మదిన శుభాకాంక్షలు. మీ రాకకై సదా ఎదురుచూచుచు." కింద అచ్చియ్యమ్మ పేరు. రిటైరైన పోస్టుమాస్టరు పానకాలుగారు చేతికర్ర ఆడించుకుంటూ కార్డు పట్టుకుని వచ్చారు.

"ఏమ్మా అచ్చియ్యమ్మా, నీకింత తొందరేవిటి?"

"నేను కాదండి అన్నయ్యగారూ. గవర్నమెంటండి."

"దానికి కార్డెందుకు? పింఛను ఆపేస్తే సరిపోయేది గదా," అన్నారాయన. కానీ పుట్టినరోజు గుర్తుపెట్టుకుని కార్డు పంపినవాళ్ళు ఇంకెవరూ లేరట. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు.

అక్టోబరులో అభిప్రాయ సేకరణ వచ్చింది. సరుకు ఎలా ఉందో వినియోగదారు చేత ఫారం నింపించి సంతకం తీసుకోవాలి. అచ్చియ్యమ్మ భయపడుతూ కొన్నవాళ్ళ చేత పదకొండు సంతకాలు పెట్టించింది. ఇందుశేఖరంగారు అన్నీ తిప్పి పంపారు.

"వీళ్ళు కొన్నవాళ్ళు. వాడుకున్నవాళ్ళు కారు. వస్తువును ఎవరు వినియోగించారో వారే వినియోగదారు. వారి సంతకం కావాలి."

"వాళ్ళు పెట్టలేరు గదండి."

"వేలిముద్రైనా పరవాలేదు."

"అది కూడా దొరకదండి బాబూ."

ఇది విధానపరమైన సమస్య అని ఆయన జిల్లా కార్యాలయానికి రాశారు. రెండు నెలలకు జవాబు వచ్చింది. "వస్తువును వినియోగించిన వ్యక్తి అందుబాటులో లేనిచో, సదరు వ్యక్తి నుండి ఫిర్యాదు అందకపోవుటనే సంతృప్తిగా పరిగణించవచ్చును." నలభై నాలుగేళ్ళలో అచ్చియ్యమ్మ మీద ఒక్క ఫిర్యాదూ అందలేదు. వినియోగదారుల సంతృప్తిలో ఏడో నంబరు కొట్టు జిల్లాలో ప్రథమ స్థానంలో నిలిచింది. శాలువా కప్పారు.

కానీ వృద్ధి లేదు. పునరాగమనం సున్నా. అధికారిగారు కారణాలు తవ్వి, ఆరోగ్య విభాగం వాళ్ళు దోమల మందు చల్లడం వల్ల, తాగునీటిలో క్లోరిను కలపడం వల్ల ఈ వ్యాపారం దెబ్బతింటోందని కనిపెట్టారు. ఉమ్మడి సమావేశం జరిగింది. మరణాలు పది శాతం తగ్గించడం తన లక్ష్యమని ఆరోగ్యాధికారి అన్నారు. ఇరవై శాతం పెంచడం తన లక్ష్యమని ఈయన అన్నారు. ఇద్దరివీ ప్రభుత్వ లక్ష్యాలే కావడం వల్ల అధ్యక్షులవారు చాలాసేపు ఆలోచించి, "ఉభయ విభాగములును పరస్పర సహకారముతో ఎవరి లక్ష్యమును వారు సాధించవలెను" అని తీర్మానం రాయించి, టీ తెప్పించారు.

జనవరి వచ్చింది. కిందటేడు ఆ మూడు నెలల్లో ఏడో నంబరుకు వచ్చినవాళ్ళు నలభై మంది. ఇప్పుడు నలభై ఎనిమిది మంది రావాలి. అచ్చియ్యమ్మ ఎప్పటిలాగే దీపం పెట్టి ఎప్పటి మొక్కే మొక్కింది. ఈసారి అమ్మవారికి తీరిక దొరికింది కాబోలు, ఫిబ్రవరి సగానికి పదహారుమందే వచ్చారు.

అప్పటికి కాంప్లెక్సులో అందరి ఓపికా అయిపోయింది. మంగలి షాపులో ఒకసారి వచ్చినవాడు వారంలో మళ్ళీ రావాలని సగం తలే కత్తిరించమన్నారు. దాంతో వర్తకులు సంఘం పెట్టి, బుల్లబ్బాయిని అధ్యక్షుణ్ణి చేశారు. మన ఊళ్ళలో సంఘం పుట్టాక మొదట చేసేది దిష్టిబొమ్మ శవయాత్రే కనక, బుల్లబ్బాయి ఏడో నంబరుకు వచ్చాడు.

"పెద్దమ్మా, ఒక పాడె కట్టు."

"అయ్యో, ఎవర్రా?"

"ఇందుశేఖరంగారు."

అచ్చియ్యమ్మ చేతిలో పురికొస జారిపోయింది. "నిన్న సాయంత్రం కూడా నా చీర తీసెయ్యమని నిలబెట్టి చెప్పారు గదరా. ఇంతలో ఏమైంది నాయనా?"

"ఆయన కాదు పెద్దమ్మా, బొమ్మ. గడ్డి బొమ్మ. గేటు దగ్గర తగలెడతాం."

ఆవిడ జారిన పురికొస ఏరి చుట్టుకుంది. తరవాత, "వయసెంత?" అంది.

"గడ్డికి వయసేవిటి?"

"గడ్డిది కాదురా, ఆయనది."

"నలభై ఆరట."

"నలభై ఆరు. పిల్లలింకా చదువుల్లోనే ఉంటారు," అంటూ బొంగులు తీసి, కళ్ళు తుడుచుకుంటూ కట్టింది. మస్తాను ముందు నడిచి వాయించాడు. మునిసిపల్ గేటు దగ్గర బొమ్మ కాలింది.

ఇందుశేఖరంగారు ఆఫీసు కిటికీలోంచి అంతా చూశారు. బంట్రోతును పిలిచి, ఆ పాడె ఎక్కడ కొన్నారో కనుక్కురమ్మన్నారు. విని, పచ్చ పెన్ను తీసి "వినియోగదారు: ఒకరు" అని రాశారు. రెండు రోజులకు అదే సంఘం వచ్చి ఇంకో పాడె కొన్నదని తెలిసినప్పుడు జీపు కూడా ఎక్కకుండా కొట్టుకు నడిచి వచ్చారు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"అచ్చియ్యమ్మగారూ, పునరాగమనం సాధించాం. ఇద్దరూ నేనే."

అక్కడినుంచి ఆయన ఉద్యమం మీద శ్రద్ధ పెట్టారు. వారానికి రెండు రోజులు చాలదని, నిబద్ధత కొరవడిందని బుల్లబ్బాయిని మందలించారు. బొమ్మకు పోలిక రావడం లేదని తన పాత చొక్కా ఒకటి పంపారు. అచ్చియ్యమ్మ దాన్ని మడతపెట్టి వెనక్కి పంపించింది. బతికున్న మనిషి బట్ట పాడె మీద వెయ్యకూడదంది.

మార్చి ఇరవై తొమ్మిదికి మనుషులు ముప్ఫై మంది, ఇందుశేఖరంగార్లు పదిహేడు మంది, మొత్తం నలభై ఏడు. మర్నాడు పైనుంచి ఉత్తర్వు దిగింది. వర్తకుల ఆందోళన దృష్ట్యా మిషన్ మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రం ఐదు గంటలతో రద్దు. అంతవరకు అది తీసుకున్న చర్యలన్నీ చెల్లుతాయి. రికార్డులు దహనం చెయ్యాలి.

కాంప్లెక్సులో లడ్డూలు పంచుకున్నారు. మిగతా కొట్లన్నీ ఏదో విధంగా లెక్కలో గట్టెక్కాయి. ఏడో నంబరొక్కటే ఒకరు తక్కువై మిగిలింది.

"ఆఖరి బొమ్మ ఒకటి నేను కొంటాను పిన్నీ," అన్నాడు మస్తాను. "నలభై ఎనిమిదవుతుంది."

"వద్దురా. బతికున్న మనిషిని పదిహేడుసార్లు పంపించాను. రోజూ భయంగా ఉంది. ఇక నాకు చేతులు రావు."

ముప్ఫై ఒకటో తారీఖు పొద్దున్న దీపం పెట్టి మామూలు మొక్కు మొక్కింది. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి, తనకు తెలియకుండానే తన చూపు రోడ్డు మలుపు దగ్గర ఉందని కనిపెట్టింది. ఎవరైనా వస్తారేమోనని. నలభై నాలుగేళ్ళలో ఎన్నడూ లేదు. పీట గోడ వైపు తిప్పుకుని కూర్చుంది.

మూడు గంటలకు వెనకనుంచి దగ్గు వినిపించింది. ఇందుశేఖరంగారు. జీపు వెనక్కి తీసేసుకున్నారట, నడిచి వచ్చారు. చేతుల్లో ఫైళ్ళ కట్ట. జుట్టు దువ్వుకోలేదు. ఆవిడ బల్ల తుడిచి, మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు ఖాళీ చేశారు.

"ఇంట్లో ఎవరికైనా..." అంది అచ్చియ్యమ్మ మెల్లిగా.

"మిషన్‌కండి. దహనం చెయ్యమన్నారు. అటెండరు పెరట్లో పెట్టి కిరసనాయిలు పోస్తానన్నాడు. నాకు మనసొప్పలేదు. పద్ధతిగా సాగనంపుదామని. సామాను ఇప్పించండి. మీకూ నలభై ఎనిమిది పూర్తవుతుంది."

అచ్చియ్యమ్మ ప్రాణం లేచి వచ్చింది. బొంగులు అందుకుంది. పురికొస తీసింది. అలవాటుగా అడిగింది.

"వయసెంత బాబూ?"

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టారు. "మే నెల మొదటి తారీఖున పుట్టిందండి. పదకొండు నెలలు."

అచ్చియ్యమ్మ బొంగులు గోడకు ఆనించేసింది.

"పదకొండు నెలల పసిబిడ్డకు పాడె కట్టరు బాబూ."

"ఎంచేత?"

"కట్టరంతే. నడక రాని వాళ్ళని నిప్పుకివ్వరు. చేతుల మీద తీసుకెళ్ళి మట్టికిస్తారు."

"ఉత్తర్వులో దహనం అని స్పష్టంగా ఉందండి."

"ఆ రాసినాయన ఏనాడూ పసిబిడ్డని పోగొట్టుకోలేదేమో లెండి."

ఇందుశేఖరంగారు కట్టలోంచి ఒక కాగితం పైకి తీశారు. "ఇది మీ కొట్టు వేలం నోటీసు. మీరు అమ్మితే నలభై ఎనిమిది. అమ్మకపోతే ఐదింటిలోగా దీని మీద నేను సంతకం పెట్టాలి. అప్పటిదాకా మిషన్ మాట చెల్లుతుంది. ఆలోచించుకోండి."

అచ్చియ్యమ్మ కొట్టు నాలుగు గోడలూ చూసుకుంది. రేపు పొద్దున్న ఈ తలుపు తీసేది వేరేవాళ్ళు. వాళ్ళు వచ్చినవాణ్ణి కూర్చోబెడతారో, నిలబెట్టే అమ్ముతారో. నీళ్ళిస్తారో లేదో.

"పోతే పోతుంది బాబూ," అంది. "పసిబిడ్డకి పాడె కట్టి కొట్టు నిలబెట్టుకున్నాననే మాట నాకొద్దు."

బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుండిపోయారు. నాలుగైంది. ఇందుశేఖరంగారు మూడు పెన్నులూ తీసి చూసుకుని, ఏదీ మూత తియ్యకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆ నోటీసును అలాగే కట్టలోకి తోశారు.

"ఇది కూడా బిడ్డతోపాటే పోనివ్వండి," అన్నారు.

అచ్చియ్యమ్మ కోరా గుడ్డ ఒక మూర చింపింది. ఆయన జేబు తడుముకోబోతే, "పసివాళ్ళ గుడ్డకి తీసుకోం. ఇది అమ్మకం కాదు," అని కట్టను చుట్టి, ఆయన చేతుల్లో పెట్టింది. "అలా చంకలో ఇరికించుకోకండి. తల కింద చెయ్యి పెట్టండి." ఆయన పెట్టారు. కట్టడానికి ముడి లేకపోయినా ఆవిడకు ఏడుపొచ్చింది.

మస్తాను క్లారినెట్టు తీస్తే, పసివాళ్ళకి మేళం ఉండదని వారించింది. వాడు దాన్ని లోపల పెట్టి, చేతులు కట్టుకుని వెనక నడిచాడు. పదిహేడుసార్లు నిప్పంటించిన బుల్లబ్బాయి చేతిలోని టైరు పడేసి, పార భుజాన వేసుకుని వాడి వెనక నడిచాడు.

కాలువ వంతెన మీద గడ్డిమోపుతో వస్తున్న ఒక ముసలామె పక్కకు తప్పుకుంది. చేతుల మీది తెల్లటి మూట చూసి నిట్టూర్చింది.

"ఎవరి బిడ్డ బాబూ?"

"గవర్నమెంటుదండి," అన్నారు ఇందుశేఖరంగారు.

ఎవరూ లేని బిడ్డ కాబోలనుకుని ఆమెకు ఇంకా జాలి కలిగింది. బిడ్డలు పోయినవాళ్ళకి ఆ ప్రాంతంలో అందరూ చెప్పే మాటే ఆమె కూడా చెప్పింది.

"ఊరుకోండి బాబూ. ఎక్కడికీ పోదు. మళ్ళీ ఆ కడుపునే పుడుతుంది."

ఆ మాట విన్న బుల్లబ్బాయి, గొయ్యి మామూలు కంటే మూడడుగులు లోతుగా తవ్వాడు.